వీల్‌చైర్ బండి కోసం క్రౌడ్‌ఫండింగ్ సైట్లు: హైదరాబాద్ కుటుంబాలకి ఎంతవరకు పనికొస్తాయి

అయిదుకి రెండున్నర మార్కులు. ఇదే సేవని ఆస్పత్రి బిల్లు కోసం వాడితే నాలుగు ఇవ్వొచ్చు. తేడా ఎక్కడొచ్చిందో, ఆ తేడాని ఎంతవరకు పూడ్చుకోవచ్చో చెప్పడానికే ఈ రివ్యూ.

ఇక్కడ చూస్తున్నది మిలాప్ (బెంగళూరు, 2010), కెట్టో (ముంబై, 2012), ఇంపాక్ట్‌గురు (ముంబై, 2014) లాంటి, ఆన్‌లైన్‌లో జనం దగ్గర చందాలు పోగుచేసే సైట్లని. అవసరం మాత్రం ఒక్కటే. సెరిబ్రల్ పాల్సీయో, మస్కులర్ డిస్ట్రోఫీయో ఉన్న పిల్లాడు వీల్‌చైర్ దిగకుండానే ఎక్కి కూర్చోగలిగే బండి కొనడానికి డబ్బు కావాలి.

ఐసీయూలో ఉన్న బిడ్డ కోసం పేజీ పెడితే ఆస్పత్రి లెటర్‌హెడ్ మీద ఎస్టిమేట్ ఉంటుంది, గడువు ఉంటుంది, డబ్బు నేరుగా ఆస్పత్రి ఖాతాకే పోయే ఏర్పాటు ఉంటుంది. ఇచ్చేవాడికి ధైర్యం. బండికి ఇవేవీ లేవు. పైగా శీర్షికలో ‘కారు’ అన్న మాట కనబడగానే చదివేవాడి మనసు అక్కడే ఆగిపోతుంది. కారు కొనుక్కోడానికి చందాలా అని ఎవరూ మొహం మీద అనరు, ఫార్వర్డ్ చెయ్యడం మాత్రం మానేస్తారు.

అందుకని పేజీలో ముందు కనబడాల్సింది బండి కాదు, ప్రయాణాలు. వారానికి ఎన్నిసార్లు థెరపీ, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఇప్పుడు ఎలా వెళుతున్నారు, అందులో ఏది కుదరడం లేదు అనేది అంకెలతో రాయాలి. ‘క్యాబ్ బుక్ చేసుకోవచ్చుగా’ అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది, జవాబు ముందే ఉండాలి. నగరంలో తిరిగే క్యాబుల్లో చాలావాటికి డిక్కీలో సీఎన్‌జీ సిలిండర్ ఉంటుంది, మడిచిన వీల్‌చైర్ కూడా అందులో పట్టదు. మడత పడని చైర్ అయితే ఆటో సంగతి ఎత్తనే అక్కర్లేదు. మెట్రో స్టేషన్లలో లిఫ్టులున్నాయి నిజమే. కానీ స్టేషన్ మెట్ల దగ్గర నుంచి థెరపీ సెంటర్ గేటు దాకా ఉన్న ఫుట్‌పాత్ సంగతి నగరంలో అందరికీ తెలుసు. ఇంకొక్క వాక్యం పనిచేస్తుంది: ఇప్పుడు ఇరవై రెండు కిలోలున్న పిల్లాణ్ణి అమ్మ ఎత్తి సీట్లో కూర్చోబెడుతోంది, నాలుగేళ్ళలో వాడు నలభైకి దగ్గరవుతాడు. దీనికి విషాద సంగీతం పెట్టిన వీడియో అక్కర్లేదు.

ఫొటో విషయంలో సైటు ప్రతినిధి ఇచ్చే సలహా వినకండి. ఏడుపు మొహం, ట్యూబులు ఉంటే క్లిక్కులు ఎక్కువ అని వాళ్ళ లెక్క. ఆ ఫొటో ఇంటర్నెట్‌లో మీ పిల్లాడికి ఇరవై ఏళ్ళు వచ్చాక కూడా ఉంటుంది, వాడే చూస్తాడు. చైర్లో కూర్చున్న మామూలు ఫొటో చాలు. బడి పేరు, ఇంటి అడ్రసు, యూడీఐడీ కార్డు (ప్రభుత్వం ఇచ్చే వైకల్య గుర్తింపు కార్డు) నంబరు పేజీ మీద కనబడకూడదు. సర్టిఫికెట్లు సైటు వాళ్ళకి అప్‌లోడ్ చెయ్యండి, జనానికి చూపేటప్పుడు నంబర్లు నల్లగా కొట్టెయ్యండి.

ఎంత అడగాలి

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. షోరూమ్ ధర చూసి గుండ్రంగా ఒక అంకె వేస్తారు. ఉదాహరణకి ఒక లెక్క చూద్దాం, అంకెలు మీ కొటేషన్ల ప్రకారం మార్చుకోండి. ఎక్స్‌షోరూమ్ 6 లక్షలు, లైఫ్ టాక్స్, రిజిస్ట్రేషన్ కలిపి 90 వేలు, ఇన్సూరెన్స్ 35 వేలు, ర్యాంపు, బెల్టులు, సీటు తీసి నేల సరిచేసే పని కలిపి రెండున్నర లక్షలు. మొత్తం 9.75 లక్షలు. ఊహించని ఖర్చుకి పాతిక వేలు కలిపితే 10 లక్షలు చేతికి రావాలి. పేమెంట్ గేట్‌వే ఖర్చు 3 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ అనుకుంటే వంద రూపాయల్లో మీకు చేరేది 96.46. అంటే పేజీ మీద పెట్టాల్సిన లక్ష్యం దాదాపు 10 లక్షల 37 వేలు. ఆ 37 వేలు ముందే వెయ్యకపోతే, చివర్లో డీలర్ దగ్గర నిలబడి చేబదులు కోసం ఫోన్లు చెయ్యాల్సి వస్తుంది.

కొటేషన్ గడువు కూడా చూసుకోవాలి. కార్ల కంపెనీలు ధరలు పెంచడానికి జనవరినీ ఏప్రిల్‌నీ ఇష్టపడతాయి. నవంబర్‌లో తీసుకున్న కొటేషన్‌తో మార్చి దాకా చందాలు వసూలు చేస్తే లెక్క తప్పుతుంది.

పాత వ్యాసాల్లో ‘వికలాంగులకి జీఎస్టీలో పది శాతం తగ్గింపు, ఢిల్లీ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోండి’ అని కనబడుతుంది. 28 శాతానికి బదులు 18 పడే ఆ రాయితీ నాలుగు మీటర్ల లోపు, 1200 సీసీ లోపు పెట్రోల్ (డీజిల్ అయితే 1500 సీసీ) కార్లకి ఉండేది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆ కార్లన్నిటికీ, కొనేది ఎవరైనా, 18 శాతమే. కాబట్టి చిన్న కారుకి ఆ సర్టిఫికెట్ కోసం నెలలు తిరగడం దండగ. వికలాంగుల వాహనాలకి బిగించే రెట్రోఫిట్ కిట్ల మీద మాత్రం 2021 అక్టోబర్ నుంచి 5 శాతమే జీఎస్టీ. మార్పులు చేసే వర్క్‌షాపు మొత్తం పనికి కలిపి 18 వేసి బిల్లిస్తే, కిట్‌ని విడిగా చూపించమని అడగండి.

సైటు తీసుకునేది, పన్ను తీసుకునేది

‘ప్లాట్‌ఫామ్ ఫీజు సున్నా’ అని పెద్దక్షరాల్లో రాస్తారు. అబద్ధం కాదు, అయితే కథ అంతటితో అయిపోలేదు. విరాళం అంకె కింద సైటుకి ఇచ్చే టిప్పు పెట్టె ఉంటుంది, అది ముందే నిండి ఉంటుంది. వెయ్యి ఇద్దామని వచ్చినవాడు వెయ్యి పైచిలుకు కట్టి, తర్వాత స్టేట్‌మెంట్ చూసుకుని మీకు ఫోన్ చేస్తాడు. లింకు పంపేటప్పుడే ‘టిప్పు మీ ఇష్టం, సున్నా పెట్టొచ్చు’ అని ఒక ముక్క రాయండి. ప్రచారం మేమే చేస్తాం, వచ్చినదాంట్లో వాటా తీసుకుంటాం అనే ప్లాన్లు కూడా ఉంటాయి. ఆ వాటా శాతం ఎంత, మీ సొంత పరిచయాల వల్ల వచ్చిన డబ్బు మీద కూడా పడుతుందా, ప్రకటనల ఖర్చు విడిగా కోస్తారా అని మెయిల్‌లో రాయించుకోండి. ఫోన్‌లో చెప్పినదానికి విలువ లేదు.

ఆదాయపు పన్ను సంగతి ఏ సైటూ ముందు చెప్పదు. బంధువులు కానివాళ్ళ నుంచి ఊరికే వచ్చిన డబ్బు ఏడాదిలో 50 వేలు దాటితే ఆ డబ్బంతా ఆదాయం కింద లెక్క. చట్టం దృష్టిలో పిల్లాడికి మేనమామ, బాబాయి, మేనత్త బంధువులే. పెదనాన్న కొడుకు కాదు, నాన్న ఆఫీసు స్నేహితులు అసలే కాదు. డబ్బు నాన్న ఖాతాలో పడితే ఆయన జీతానికి కలిసి పై శ్లాబులోకి పోతుంది. మామూలుగా మైనర్ ఆదాయాన్ని తల్లిదండ్రుల ఆదాయంలో కలుపుతారు, కానీ చట్టంలో చెప్పిన వైకల్యం ఉన్న మైనర్‌కి అది వర్తించదు. కాబట్టి పిల్లాడి పేరు మీద పాన్, గార్డియన్‌తో ఖాతా తెరిచి, పేజీలో లబ్ధిదారుగా పిల్లాడినే చూపిస్తే లెక్క మారుతుంది. కొత్త పన్ను విధానంలో 12 లక్షల లోపు ఆదాయానికి 2025-26 నుంచి రిబేటు ఉంది, రిటర్న్ వెయ్యడం మాత్రం తప్పదు. ఇది పేజీ పెట్టకముందే సీఏతో కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం. డబ్బు ఒక ఖాతాలో పడ్డాక ఇంకో ఖాతాకి మారిస్తే పన్నువాళ్ళకి కథ చెప్పుకోవాలి.

మనవాళ్ళకి సగం ఆశ అమెరికా మీదే ఉంటుంది కాబట్టి ఇది కూడా వినండి. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కింద రాదు. పౌరసత్వం మారి ఓసీఐ కార్డు మీద ఉన్నవాళ్ళు పంపితే వస్తుంది, విదేశీ విరాళాల మీద నియంత్రణ పెట్టే ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం మధ్యలోకి దిగుతుంది. దగ్గర బంధువు నుంచి తీసుకోవచ్చు. కానీ ఏడాదిలో 10 లక్షలు దాటితే మూడు నెలల్లో కేంద్రానికి తెలియజెయ్యాలి. డల్లాస్‌లో ఉన్న స్నేహితుడు ఉత్సాహంగా ఒక గ్రూపులో వసూలు చేసి ఒకేసారి మీ ఖాతాకి పంపేస్తానంటే వద్దనండి. ఎవరి డబ్బు ఎంతో తెలియని ఆ మొత్తానికి లెక్క చెప్పాల్సింది మీరు.

పన్ను మినహాయింపుకి పనికొచ్చే 80జీ రసీదు ఇస్తారా అని ఆఫీసు వాళ్ళు అడుగుతారు. వ్యక్తి కోసం నేరుగా ఇచ్చినదానికి రాదు. 80జీ ఉన్న ట్రస్టు ద్వారా నడిపిస్తేనే వస్తుంది, అదీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకి, నగదు అయితే 2 వేల దాకానే.

సైటు వద్దు, ఫోన్‌పే క్యూఆర్ చాలు అనేవాళ్ళకి ఒక హెచ్చరిక. ముక్కూమొహం తెలియని వందలమంది నుంచి చిన్న మొత్తాలు పడే ఖాతాలో సైబర్ మోసం డబ్బు ఒక్క ఐదొందలు కలిసినా పోలీసు లేఖతో ఖాతా స్తంభించిపోవచ్చు. జీతం పడే ఖాతా క్యూఆర్ ఎప్పుడూ బయటపెట్టకండి. సైటుకి మేం ఇచ్చిన రెండున్నరలో ఒక మార్కు ఈ అడ్డుగోడకే.

బండి తప్పయితే చందా అంతా దండగ

పేజీ పెట్టకముందే చేతిలో టేపు పట్టుకోండి. పిల్లాడు చైర్లో కూర్చున్నప్పుడు నేల నుంచి నడినెత్తి దాకా ఎత్తు, చైర్ వెడల్పు, ఫుట్‌రెస్ట్ చివర నుంచి వెనక చక్రం దాకా పొడవు, చైర్‌తో కలిపి బరువు. ఎత్తుకి కనీసం పదిహేను సెంటీమీటర్లు కలపండి. పిల్లలు పెరుగుతారు, బండి పెరగదు. ఇప్పుడు వెనక తలుపు తీసి ఆ ఖాళీ ఎంతో కొలవండి. లోపలి కప్పు ఎత్తు కాదు, తలుపు ఖాళీ. లోపల చాలినంత ఎత్తుండి తలుపు దగ్గర తల తగిలే బండ్లే ఎక్కువ.

తక్కువ ధర కాబట్టి అందరి కళ్ళూ మారుతి ఈకో వ్యాన్ మీద పడతాయి. దాని ఇంజిన్ ముందు సీట్ల కింద ఉంటుంది, తిరిగేవి వెనక చక్రాలు. అంటే నేల కింద పొడవునా ఇంజిన్ బలాన్ని వెనక చక్రాలకి చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ ఉంది. అందుకే విదేశీ వ్యాన్లలో చేసినట్టు నేలని కోసి కిందికి దించడం దీనిలో కుదరదు. ఎవరైనా వెల్డర్ కుదురుతుందంటే అక్కడి నుంచి వచ్చెయ్యండి. సీఎన్‌జీ ఈకో అసలు వద్దు. సిలిండర్ వెనక సీటు వెనకాలే కూర్చుని ర్యాంపు దారి మూసేస్తుంది. ముందు చక్రాలతో నడిచే బండిలో నేల దించే వీలు ఉంటుంది, కానీ ఇంధన ట్యాంకు, సైలెన్సర్, స్టెప్నీ అన్నీ చోటు మారాలి. ఆ పని ఆమోదం ఉన్న కిట్‌తో తప్ప చేయించకూడదు. ట్రావెలర్, వింగర్ లాంటి ఎత్తు కప్పు బండ్లలో తల తగిలే బాధ లేదు. కానీ మన అపార్టుమెంట్ సెల్లార్లో దూలాల కింద డ్రైనేజీ పైపులు వేలాడుతుంటాయి. ముందు ఆ పైపు ఎత్తు కొలవండి. లేకపోతే బండి రోడ్డు మీదే పడుకుంటుంది.

ర్యాంపు లెక్క: నేల 60 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే, ఒకటికి నాలుగు వాలుకి (ఒక వంతు ఎత్తుకి నాలుగు వంతుల దూరం) ర్యాంపు దాదాపు రెండున్నర మీటర్లు. ఈ వాలు మీద పిల్లాడూ చైరూ కలిపి 50 కిలోలైతే నెట్టేవాళ్ళ చేతుల మీద పడేది పన్నెండు కిలోల బలం, ఫర్వాలేదు. అదే కరెంటు చైర్‌తో 135 కిలోలైతే ముప్పై మూడు కిలోలు. ఒక్కరి వల్ల కాదు, జారితే ఆపడం అంతకన్నా కాదు. ర్యాంపు వేశాక చైర్‌ని తిప్పి ఎక్కించడానికి బండి వెనక నాలుగు మీటర్ల ఖాళీ కావాలి. చిక్కడపల్లి సందుల్లో అది దొరకదు. అందుకే కరెంటు చైర్ ఉన్నవాళ్ళు ర్యాంపుకి బదులు చైర్‌ని ఎత్తి బండిలో పెట్టే లిఫ్టు ధరతోనే ఎస్టిమేట్ వేసుకోవాలి. కరెంటు పోయినా, బ్యాటరీ దిగినా చేత్తో పంపు కొట్టి దించే ఏర్పాటు ఉందో లేదో కొనేముందు ఒకసారి చేసి చూపించమనండి.

అన్నిటికన్నా తేలిగ్గా వదిలేసేది బెల్టులు. ఎస్టిమేట్ ఎక్కువైందని వీటినే కోస్తారు. చైర్‌ని నేలకి కట్టేవి నాలుగు పట్టీలు, ముందు రెండు, వెనక రెండు. పిల్లాణ్ణి కట్టేది ఇంకో బెల్టు, నడుము మీదా భుజం మీదా మూడు చోట్ల పట్టేది, బండికే బిగించింది. చైర్‌తో వచ్చే నడుము పట్టీ కూర్చునే తీరు కోసం, ప్రమాదంలో ఆపడానికి కాదు. బండ్లలో వాడే చైర్ల కోసం ఉన్న ఐఎస్ఓ 7176-19 పరీక్ష గంటకి 48 కిలోమీటర్ల వేగంలో 20 జీ (బరువుకి ఇరవై రెట్లు) కుదుపుతో చేస్తారు. ఆ క్షణంలో 50 కిలోలు వెయ్యి కిలోలంత బరువుతో ముందుకి లాగుతాయి. ప్లైవుడ్ నేలకి స్క్రూలతో బిగించిన కొక్కెం దానికి ఆగుతుందా? పట్టీ కొక్కేలు బండి చట్రానికి అందే బోల్టులతో, కింద దళసరి ప్లేటుతో ఉండాలి. చైర్ ఎప్పుడూ ముందుకే తిరిగి ఉండాలి, పక్కకి కాదు.

పిల్లాణ్ణి చైర్లోంచి సీట్లోకి మార్చడం ఇంకా వీలయ్యే కుటుంబాలకి ఇంత పెద్ద బండి అక్కర్లేదేమో కూడా చూసుకోవాలి. బయటికి తిరిగే స్వివెల్ సీటు కిట్లు ఉన్నాయి. మారుతి 2025 డిసెంబర్‌లో వ్యాగన్ఆర్‌కి అలాంటి సీటు తెచ్చింది. దానికయ్యే చందా చిన్నది, త్వరగా పూర్తవుతుంది. ఈ మాట చెప్పే సైటు ప్రతినిధి ఎక్కడా దొరకడు.

కాగితాల సంగతి. మోటారు వాహనాల చట్టంలో ‘అడాప్టెడ్ వెహికల్’ అన్న మాట 2019 సవరణతో వచ్చింది. వైకల్యం ఉన్న మనిషి కోసం మార్చి, ఆ మనిషి అవసరానికే వాడే బండి అని అర్థం. మార్పు చేయించాక 14 రోజుల్లో ఆర్‌టీఏకి తెలిపి ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. 2020 అక్టోబర్ నుంచి రిజిస్ట్రేషన్ ఫారం 20లో ఓనర్‌షిప్ కింద ‘దివ్యాంగజన్’ అన్న గడి ఉంది. డీలర్ కుర్రాడు అలవాటుగా ‘ఇండివిడ్యువల్’ కొట్టేస్తాడు, పక్కన నిలబడి మార్పించండి. జాతీయ రహదారుల టోల్ మినహాయింపు, ఇన్సూరెన్స్‌లో సొంత డ్యామేజీ ప్రీమియం మీద తగ్గింపు, రెండూ ఆర్‌సీలో ఏముందో చూసే ఇస్తారు. అవుటర్ రింగ్ రోడ్డు జాతీయ రహదారి కాదు, అక్కడి సంగతి వేరే. ఇన్సూరెన్స్ కంపెనీకి మార్పులన్నీ రాసి, వాటిని పాలసీలో చేర్చే ఎండార్స్‌మెంట్ వేయించుకోకపోతే, గుద్దుకున్న రోజున ర్యాంపు ఖరీదు ఇవ్వరు, మిగతా క్లెయిమ్‌కి కూడా పేచీ పెడతారు.

పేజీకి బోణీ

బోణీ కాని పేజీలో ఎవరూ డబ్బు వెయ్యరు. లింకు బయటికి వదలకముందే పదిహేను, ఇరవై మంది దగ్గరివాళ్ళకి ఫోన్ చేసి మొదటి రెండు రోజుల్లో వెయ్యమని మాట తీసుకోండి. మొదలుపెట్టాల్సింది జీతాలు పడే ఒకటి నుంచి ఐదో తేదీ మధ్య. లక్ష్యాన్ని ముక్కలు చేసి చూపిస్తే ఇచ్చేవాళ్ళకి ఇష్టంగా ఉంటుంది: బెల్టుల సెట్టు ఒక అపార్టుమెంట్ వాళ్ళది, ర్యాంపు ఒక ఆఫీసు టీముది. పేజీ తనంతట తాను డబ్బు తేదు. అది మీ పరిచయాలు తెచ్చేదాన్ని పోసుకునే బిందె, బావి కాదు.

పెద్ద మొత్తం కావాలంటే సైటు బయటే చూడాలి. హైటెక్ సిటీ కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టే సీఎస్ఆర్ డబ్బు వ్యక్తికి నేరుగా రాదు, ఆ డబ్బు తీసుకోడానికి కావాల్సిన సీఎస్ఆర్-1 నమోదు ఉన్న ట్రస్టు ద్వారా రావాలి. అందుకని ముందు ట్రస్టునో, రోటరీ, లయన్స్ క్లబ్బునో పట్టుకుని, వాళ్ళ పేరుతో కంపెనీకి రాయించాలి. మలక్‌పేటలోని వికలాంగుల కార్పొరేషన్ ఇచ్చేవి రెట్రోఫిట్ స్కూటర్లు, బ్యాటరీ ట్రైసైకిళ్ళు లాంటివి. వైకల్యం ఉన్నవాళ్ళకి ఉపకరణాలిచ్చే కేంద్రం ఏడీఐపీ పథకంలో ఈ అవసరానికి వచ్చేది వీల్‌చైరే. చైర్ కూడా కొనాల్సి ఉంటే, దాన్ని ఉచితంగా తీసుకుంటే లక్ష్యంలోంచి అంత తగ్గుతుంది కాబట్టి వదులుకోకండి. తగ్గిందన్న సంగతి పేజీలో కూడా రాయండి, నమ్మకం పెరుగుతుంది.

పేజీ పెట్టిన వారంలో కొన్ని ఫోన్లు వస్తాయి. ‘మీకు లండన్ నుంచి అయిదు లక్షలు వచ్చాయి, విడుదలకి పదిహేను వేలు కట్టండి’ అనేవాడు దొంగ. మీ ఫొటోల మీద తన క్యూఆర్ అతికించి తిప్పేవాడు ఇంకో దొంగ. అందుకే అసలు లింకు ఏదో మీ ఫ్యామిలీ గ్రూపులన్నిటిలో ముందే పిన్ చేసి ఉంచండి, మోసం కనబడితే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి.

బండి వచ్చాక బిల్లు, నంబరు చెరిపిన ఆర్‌సీ ఫొటో పేజీలో పెట్టి, మిగిలిన డబ్బు దేనికి వాడతారో (బెల్టులు అరిగితే మార్చడానికి, రెండో ఏడాది ఇన్సూరెన్స్‌కి) రాసి, పేజీని మూసెయ్యమని సైటుకి మెయిల్ పెట్టండి. మూయని లింకు రెండేళ్ళ తర్వాత కూడా వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంటుంది, మీ ఫోన్ నంబరుతో సహా.